గింజలు వేసే అత్తమ్మ, మందు పెడతానంటున్న మావారు

ప్రశ్న

హనుమకొండ నుంచి ఒక టీచర్ రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకు 52 ఏళ్లు. రెండేళ్ల కింద భర్త డాబా మీద ఇటుకలతో నాలుగు మడులు కట్టించారు. ఒక్కోటి ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు. మొదటి ఏడు కూరగాయలు బాగా కాశాయి. ఈ చలికాలం టమాటా, వంకాయ, పాలకూర, మెంతికూర వేశారు, ఒక మడిలో సరదాకు పల్లీలు కూడా. పక్కింటి మామిడి కొమ్మ డాబా మీదికి వాలి ఉంది. దాని మీద నుంచి ఉడుతలు దిగుతున్నాయి. వేసిన గింజ మొలవడం లేదు, మొలిచిన మొక్క నిలవడం లేదు. టమాటా ఎర్రబడితే చాలు, సగం కొరికి వదిలేస్తున్నాయి. పల్లీల మడినైతే పూర్తిగా తవ్విపోశాయి. పాత సీడీలు వేలాడదీశారు, కారం చల్లారు, ఆకుపచ్చ షేడ్ నెట్ కప్పారు. ఆ నెట్‌ను కొరికేసి లోపలికి వెళ్లాయి. ఇవి చాలవన్నట్టు అప్పుడప్పుడు కోతుల గుంపు వచ్చి వంగ మొక్కలు విరిచిపోతోంది.

అసలు బాధ ఇంట్లో ఉంది. మామగారు ఉన్నప్పుడు రోజూ పొద్దున్నే డాబా మీద జొన్నలు, అన్నం మెతుకులు వేసేవారట. ఆయన పోయి ఏడాదిన్నర. ఇప్పుడు 74 ఏళ్ల అత్తమ్మ మోకాళ్ల నొప్పులతోనే మెట్లెక్కి ఆ పని చేస్తున్నారు, అదీ మడుల పక్కనే. "రాముడు వీపు నిమిరిన జీవి, నాలుగు టమాటాల కోసం తరుముతారా?" అంటారు. భర్తకేమో కట్టిన డబ్బు, పడ్డ చాకిరీ గుర్తొచ్చి కోపం. మొన్న ఎలుకల మందు బిళ్లలు, జిగురు అట్టలు తెచ్చి మెట్ల కింద పెట్టారు. వచ్చే ఆదివారం డాబా మీద పెడతానంటున్నారు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి అత్తమ్మ కొడుకుతో మాట్లాడటం లేదు. పక్కింటాయనేమో "బోనులో పట్టి చెరువు గట్టున వదిలేద్దాం" అంటున్నారు. శని, ఆదివారాల్లో నాలుగేళ్ల మనవరాలు వస్తుంది.

"అత్తమ్మను ఆపితే ఏడుస్తారు. ఆయన్ను ఆపితే నువ్వూ ఆమె వైపేనా అంటారు. మడులు తీసేస్తే గొడవ వదులుతుందేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?" అని అడిగారు.

సమాధానం

అమ్మా, మడుల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ మెట్ల కింద ఉన్నవాటి సంగతి. అవి ఈ రోజే మనవరాలికి అందని చోటికి, తాళం వేసే చోటికి వెళ్లాలి.

బిళ్లలు అని రాశారు గానీ ఏ మందో రాయలేదు. డబ్బా మీద పేరు చదవండి. అల్యూమినియం ఫాస్ఫైడ్ అని ఉంటే అది ధాన్యం గోదాముల్లో వాడే మందు. గాలిలోని తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. మూసిన ఇంట్లో ఆ గాలి పీల్చి నిద్రలోనే ప్రాణాలు పోయిన కుటుంబాలున్నాయి. దానికి విరుగుడు లేదు, మామూలు జనానికి అమ్మకూడని సరుకు. అదే అయితే ఇంట్లో ఒక్క పూట కూడా ఉంచకండి. డబ్బా మూత తీయకుండా అమ్మిన షాపుకే తిరిగి ఇప్పించండి. బ్రోమాడియోలోన్ అని ఉంటే అది పిండిలో కలిపి చేసిన ఎర. తిన్న జంతువు రక్తం గడ్డకట్టకుండా పోయి, కొన్ని రోజులకు లోపల్లోపల రక్తం కారి చస్తుంది. ఆ చచ్చినదాన్ని మీ వీధి పిల్లి తింటే దానికీ ప్రమాదమే. మీ ఇంటికి సంబంధించి ఇంకొక మాట కూడా ఉంది. అత్తమ్మ జొన్నలు వేసే డాబా మీదే మీ ఆయన ఎర పెడితే, తినేది ఉడుతో, పిచ్చుకో, పావురమో ఎవరూ చెప్పలేరు. చచ్చిపడినదాన్ని ముందుగా చూసేది మాత్రం పొద్దున్నే మెట్లెక్కే ఆవిడే. తల్లీకొడుకుల మధ్య ఇప్పుడున్న మౌనం అప్పుడు ఎన్నేళ్లకు తెగుతుందో ఆలోచించండి.

జిగురు అట్టలు అంతకన్నా హీనం. అంటుకున్న జంతువు గంటల తరబడి కొట్టుకుని చస్తుంది. చాలా రాష్ట్రాలు వాటిని నిషేధించాయి కూడా. డాబా మీద పెడితే తొండలు, పిట్టలు అతుక్కుంటాయి.

మీ ఆయనతో ఇది వాదనలా కాకుండా, "ఈ ఆదివారం ఏమీ పెట్టకండి, ముందు ఒక్క సంగతి తేల్చుకుందాం" అని అడిగి చూడండి. ఆ సంగతేమిటంటే, తింటున్నది నిజంగా ఉడుతలేనా?

మీ ఉత్తరంలో నాకు అనుమానం వచ్చిన చోటు ఇదే. ఉడుత పగటి జీవి. చీకటి పడితే గూట్లో పడుకుంటుంది. మీరేమో మెంతి మొలకలు "పొద్దున లేచి చూసేసరికి మాయం" అని రాశారు. రాత్రి పోతున్నవాటికి ఉడుత బాధ్యురాలు కాదు. డాబా ఎక్కే ఎలుకలుంటాయి, నత్తలుంటాయి. నత్త అయితే మెరిసే చార వదిలిపోతుంది. ఎలుక అయితే గింజల్లాంటి నల్లటి రెట్టలు మడి మూలల్లో కనిపిస్తాయి. పగలైతే పావురాలకు లేత ఆకుకూరలంటే ఇష్టం, పికిలిపిట్టలు పండిన టమాటాను పొడిచి రసం తాగుతాయి. పొడిచిన పండుకు చిన్న గుంటలుంటాయి, కొరికిన పండుకు పళ్ల గాట్లుంటాయి.

రాత్రి పడుకునే ముందు మడుల చుట్టూ గచ్చు మీద, ఇటుక అంచుల మీద ముగ్గు పిండి పల్చగా జల్లండి. తెల్లవారకముందే, అత్తమ్మ పైకి రాకముందే వెళ్లి టార్చి వేసి చూడండి. అడుగులు ఉంటే రాత్రి దొంగ ఉన్నట్టే. రెండు మూడు రాత్రులు చూస్తే తెలిసిపోతుంది. ఈ పని మీ ఆయనకే అప్పగించండి. పాత ఫోన్ ఉంటే పగలు ఒక మూలన పెట్టి వీడియో తీయమనండి. కోపంగా ఉన్న మనిషికి చేతిలో ఒక పని ఉంటే కాస్త నిదానిస్తాడు.

ఇంకొక ప్రశ్న. మడులకు ఏం వేస్తున్నారు? మిద్దె తోటల్లో చాలామంది పల్లి చెక్క వేస్తారు, లేదా నానబెట్టి పోస్తారు. మొక్కకు మంచిదే. కానీ ఆ వాసనకు ఉడుత, ఎలుక రెండూ మట్టి తవ్వుతాయి. గింజ కోసం తవ్వుతున్నాయని మనం అనుకుంటాం గానీ చాలాసార్లు అవి చెక్క కోసం తవ్వుతాయి, మధ్యలో గింజ పోతుంది. ఎముకల పొడి, చేపల ఎరువు వేస్తే పిల్లులూ చేరతాయి. వేపపిండికి మారండి, లేదా బాగా మాగిన పశువుల ఎరువు వేయండి. ఆముదం చెక్క మాత్రం వద్దు. దానిలో ఉండే విషం కుక్కలకు, పిల్లలకు ప్రమాదం. వంటింటి చెత్తను మడిలో నేరుగా పూడ్చే అలవాటు ఉంటే మానేసి, మూత ఉన్న డబ్బాలో కుళ్లనివ్వండి.

ఇక అడ్డుకునే పద్ధతులు. సీడీలు, మెరిసే రిబ్బన్లు, పాములా కనిపించే రబ్బరు గొట్టాలు, చప్పుడు చేసే కరెంటు పరికరాలు, వీటి మీద ఇక రూపాయి కూడా పెట్టకండి. నాలుగు రోజులు బెదురుతాయి, ఐదో రోజు వాటి మీదే కూర్చుంటాయి. కారం ఉడుతకు మండుతుంది నిజమే, పిట్టలకు మాత్రం మంట తెలియదు, అందుకే రామచిలుక పచ్చిమిర్చి హాయిగా తింటుంది. పైగా మీరు నీళ్లు పోయగానే కారం కొట్టుకుపోతుంది, గాలి వీస్తే మనవరాలి కళ్లలో పడుతుంది.

ఉడుతను నిజంగా ఆపేది ఇనుప జాలీ ఒక్కటే. షేడ్ నెట్ కొరికేశాయని మీరే రాశారు. ప్లాస్టిక్ వల ఏదైనా అంతే, పైగా నైలాన్ వలల్లో పిట్టలు చిక్కుకుని చస్తాయి. కోళ్ల జాలీ కళ్లు పెద్దవి, ఉడుత పిల్ల, చిన్న ఎలుక దూరిపోతాయి. హార్డ్‌వేర్ షాపులో అరంగుళం కన్ను ఉన్న జీఐ వెల్డ్‌మెష్, అంటే తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుప జాలీ, అడగండి. తేనెటీగ అందులోంచి సులభంగా వెళ్తుంది, ఉడుత వెళ్లలేదు.

మీ మడులు ఇటుకవి, గచ్చు మీద ఉన్నవి కావడం మీ అదృష్టం. నేల మీద మడులైతే జాలీని అడుగు లోతు పాతాలి. మీకు ఆ పని లేదు. మడి కొలతకు ఒక ఫ్రేము చేయించి, జాలీ బిగించి, ఒక వైపు తలుపు బందులు వేయించి ఇటుకకు బిగిస్తే పెట్టె మూతలా తెరుచుకుంటుంది. రెండో వైపు గొళ్లెం తప్పనిసరి. వానలకు ముందు వచ్చే ఈదురు గాలికి గొళ్లెం లేని మూత ఎగిరి వీధిలో పడుతుంది. అంచు ఇటుక మీదికి రెండు అంగుళాలు దిగాలి. మూలల్లో వేలు దూరే సందు కూడా ఉండకూడదు, ఉడుత ముందు వెతికేది ఆ సందునే. మడి అడుగున నీళ్లు పోయే రంధ్రాలకు కూడా జాలీ ముక్క పెట్టండి, ఎలుక అక్కడి నుంచీ వస్తుంది. కత్తిరించిన జాలీ కొసలు చేతులు కోస్తాయి, పాత నీళ్ల పైపును చీల్చి ఆ అంచులకు తొడిగించండి.

ఆకుకూరలకు, నారుకు అడుగున్నర ఎత్తు మూత చాలు. టమాటాకు, వంకాయకు నాలుగడుగుల పంజరం కావాలి, అప్పుడు మూత కాకుండా పక్కన తలుపు పెట్టించుకోవాలి. ప్లాస్టిక్ పైపు ఫ్రేము చవక, మీ ఆయన ఒక మధ్యాహ్నంలో చేసేస్తారు. కానీ మీకు కోతుల బెడద ఉంది. ఒక పెద్ద కోతి కూర్చుంటే అది వంగిపోతుంది. అందుకని వెల్డింగ్ షాపులో ఇనుప చదరపు పైపుతో చేయించమంటాను. ఖర్చు ఎక్కువే. నాలుగూ ఒకేసారి అక్కర్లేదు, ముందు నారు పోసే మడికి ఒకటి చేయించి చూడండి. అది నచ్చితే మిగతావి.

జాలీ వేస్తే కొన్ని ఇబ్బందులుంటాయి, అవీ తెలిసి దిగండి. కలుపు తీయాలన్నా, కొత్తిమీర తెంపాలన్నా ప్రతిసారీ మూత తీయాలి. వంగ పూతకు పెద్ద తుమ్మెదలు వచ్చి వణికిస్తే పుప్పొడి బాగా రాలుతుంది, జాలీలోంచి అవి రావడం కష్టం. పొద్దున్నే కొమ్మను వేలితో మెల్లగా తట్టండి, సరిపోతుంది. టమాటాకూ అంతే. తీగలను పంజరంలో పెట్టకండి. బీర, సొర పందిరి బయటే పాకించి, పిందెలు పట్టాక కాయకు జాలీ గొట్టం తొడగండి. సాయంత్రం విచ్చే బీర పూలకు మీరే మగ పువ్వు తుంచి ఆడ పువ్వుకు రాస్తే కాపు బాగుంటుంది.

డబ్బు ఇప్పుడు పెట్టలేమంటే మరో దారి ఉంది. టమాటాను ఎర్రబడేదాకా చెట్టు మీద ఉంచకండి. ఆకుపచ్చ పోయి కాస్త గులాబీ రంగు తిరగగానే కోసి వంటింట్లో ఉంచండి, రెండు మూడు రోజుల్లో పండుతుంది. రుచిలో తేడా పెద్దగా తెలియదు. పల్లీలు, మొక్కజొన్న వేయడం మానేసి మిర్చి, కాకర, చేమ, పసుపు, పుదీన లాంటివి పెంచండి, ఉడుతలు వీటి జోలికి పెద్దగా రావు. దీనితో సగం నష్టం తగ్గుతుంది. మిగతా సగం ఉంటుంది, దానికి మీ ఆయన ఒప్పుకుంటారా అన్నది మీకే తెలియాలి.

పక్కింటాయన బోను సలహా మంచి మనసుతో చెప్పిందే అయినా నాకు నచ్చలేదు. ఒకటి పోతే ఖాళీ అయిన మామిడి చెట్టు మీదికి ఇంకొకటి వస్తుంది. మీరు పట్టింది తల్లి ఉడుత అయితే గూట్లో పిల్లలు ఆకలితో చస్తాయి. కొత్త చోట వదిలినదానికి గూడు లేదు, తిండి ఎక్కడుందో తెలియదు. ఆయన సహాయం చేస్తానంటే మాత్రం ఆ వాలిన కొమ్మను కొట్టించమనండి, గూడు లేదని చూసుకున్నాకే. కొమ్మ పోయినంత మాత్రాన రాకపోకలు ఆగవు, ఉడుత గోడ కూడా ఎక్కుతుంది. రాకపోకలు తగ్గుతాయి, అంతే.

ముగ్గు పిండిలో ఎలుక అడుగులే కనబడితే అప్పుడు బోను సరైనదే. చీకటి పడ్డాక పెట్టి తెల్లవారకముందే తీసేయాలి. పగలు వదిలేస్తే అందులో ఉడుత పడుతుంది.

కోతుల విషయంలో నా దగ్గర పెద్ద చిట్కా లేదు. కొండెంగ బొమ్మ ఉన్న ఫ్లెక్సీలు ఊళ్లలో కడుతున్నారు, కొన్నాళ్లు పనిచేస్తాయి. నిర్మల్ దగ్గర 2020 డిసెంబరులో మొదలైన కేంద్రంలో పట్టిన కోతులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేస్తున్నారు, కానీ ఒక్క ఇంటి ఫిర్యాదుతో ఆ పని జరగదు. కాలనీ అంతా కలిసి కార్పొరేషన్‌కు, అటవీశాఖకు రాయాలి. గుంపు వచ్చినప్పుడు మనవరాలిని లోపలికి తీసుకెళ్లండి, కర్ర పట్టుకుని ఒంటరిగా ఎదురెళ్లకండి. కరిచినా గీరినా సబ్బుతో, ధారగా పారే నీళ్లతో పావుగంట కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఎవరైనా మడుల చుట్టూ కరెంటు తీగ పెట్టమంటే మాత్రం ఆ సలహా వినకండి. ఆ తీగలకు పొలాల్లో మనుషులే బలైపోతున్నారు.

ఇప్పుడు అత్తమ్మ గురించి. ఆవిడ జొన్నలు వేయడం వల్ల ఉడుతలు పెరుగుతున్నాయా అంటే, అవును. కడుపు నిండితే మడి జోలికి రావు అనుకోవడం పొరపాటు. తిండి దొరికే చోటికే అవి పదే పదే వస్తాయి, వచ్చినప్పుడు పక్కనున్నదీ కొరుకుతాయి. రాత్రికి మిగిలిన మెతుకులు ఎలుకలకు, పగటి గింజలు కోతులకు కూడా పిలుపే. ఈ మాటలో మీ ఆయన చెప్పేది నిజం.

కానీ ఆవిడ వేస్తున్నది మామగారు వేసిన గింజలమ్మా. పొద్దున ఆయన చేసే పని ఒక్కటి ఇంట్లో ఇంకా నడుస్తోంది. "ఆపండి" అంటే ఆవిడకు వినబడేది ఉడుతల గురించి కాదు. రాముడి మాట తేవడం కూడా అందుకేనేమో, తన మాటగా చెబితే ఎవరూ వినరని. అందుకే ఆపమని అడగకండి. చోటు మార్చుకోమని అడగండి. కింద గేటు దగ్గర, చెట్టు నీడలో, ఆవిడ కుర్చీ వేసుకుని చూసే చోటు. మోకాళ్లకూ మంచిది. ఆ చోటు ఏదో ఆవిడనే ఎంచుకోనివ్వండి. మొదట డాబా మీదే మడులకు దూరంగా ఉన్న మూలకు, కొన్ని రోజులకు కిందికి జరిపితే పిట్టలు కూడా వెతుక్కుంటూ వస్తాయి. పిడికెడు జొన్నలు చాలు, పొద్దెక్కాక మిగిలింది ఊడ్చేయాలి. నూనె, ఉప్పు కలిసిన అన్నం వద్దు. వెడల్పు మట్టి మూకుడులో నీళ్లు పెట్టి రోజూ మార్చండి, లేకపోతే దోమలు. ఎండలు ముదిరే కొద్దీ ఉడుతలు టమాటాను కొరికేది కొంతవరకు నీటి కోసమే, కాబట్టి ఆ నీళ్లు మీ మడులకు కూడా కొంత మేలు చేస్తాయి.

చోటు మార్చిన మొదటి వారం, పది రోజులు డాబా మీద ఉడుతలు ఇంకా ఎక్కువగా గోల చేస్తాయి. అలవాటైన చోట తిండి లేకపోతే వెతుకుతాయి కదా. అందుకే ముందు జాలీ, తర్వాత గింజల చోటు. వరస తప్పితే "చూశావా, ఏం లాభం?" అనే మాట మళ్లీ మొదలవుతుంది.

ఆవిడ ఒప్పుకోకపోతే? అప్పుడు జాలీ పూర్తిగా వేయించి, గింజలను ఆ డాబా మీదే ఉండనివ్వండి. పగలు నష్టం ఉండదు. రెట్టలు ఊడ్చే పని, పావురాల సంత మీకు మిగులుతాయి. ఇంట్లో ఎవరికైనా ఆయాసం, ఊపిరితిత్తుల జబ్బు ఉంటే మాత్రం ఒప్పుకోవద్దు, ఎండిన పావురం రెట్ట గాలిలో కలిస్తే వాళ్లకు మంచిది కాదు.

తల్లీకొడుకుల మాటలు మీరు మోయకండి. ఆయన చెప్పింది ఆవిడకు, ఆవిడ అన్నది ఆయనకు చేరవేయడం ఇప్పటికే చేస్తున్నారని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. మందు వెనక్కి ఇచ్చేశానని తల్లికి చెప్పాల్సింది ఆయనే. మీరు చెబితే మీ గెలుపులా ఉంటుంది, ఆయన చెబితే ఆవిడకు ఊరట. ఆయనకు చెప్పే ధైర్యం రాకపోతే గింజల చోటు చూసే రోజు ఇద్దరినీ గేటు దగ్గరికి తీసుకెళ్లి, మీరు లోపలికి టీ పెట్టడానికి వెళ్లండి.

మడులు తీసేయడం గురించి అడిగారు. తీసేయవచ్చు, అది తప్పేమీ కాదు. కానీ ఈ కోపంలో తీసేస్తే తోట పోయిందని ఆయన తల్లిని, నా వల్లే అన్నారని ఆవిడ మిమ్మల్ని చాలాకాలం అనుకుంటారు. చలికాలం పంట ఎలాగూ అయిపోవస్తోంది. మే నెల దాకా మడులు ఖాళీగా పెట్టి మట్టిని ఎండనివ్వండి, ఈలోపు ఒక ఫ్రేము వెల్డింగ్ చేయించండి. జూన్‌లో తొలకరికి పొద చిక్కుడు గింజలు, మిర్చి నారు ఆ ఒక్క మడిలో పెట్టి చూడండి. మొలక నిలిచిందో లేదో ఆగస్టుకల్లా తెలుస్తుంది, మిగతా మూడింటి సంగతి అప్పుడు ముగ్గురూ కూర్చుని తేల్చుకోవచ్చు.